మొదటి వరుసకు వేలం పాట

అంగడి ఎక్కడ పెట్టామన్నది వ్యాపారంలో సగం బలమన్న సంగతి వర్తకులకు ఒకరు చెప్పనక్కరలేదు. సంతలో దారి మొగదల దించిన బుట్ట పొద్దెక్కకముందే ఖాళీ అవుతుంది. చివరి చెట్టు కింద దించిన బుట్టలో అంతకంటె మేలైన కూరగాయలున్నా సాయంకాలానికి వాడిపోతాయి. అందుకే సరకుకు వలెనే స్థలానికి కూడా ధర ఏర్పడింది. మన పల్లె సంతలలో వసూలు చేసే ఆశీలుకూ, ఢిల్లీ కాలిబాటలపై పురపాలక సంస్థలు వసూలు చేస్తూ వచ్చిన తహబజారీకీ మూలం ఇదే.

ఈ జానెడు స్థలం కొరకు రాజధానిలో సాగిన పోరాటం చిన్నదేమీ కాదు. తగిన నియంత్రణలకు లోబడి కాలిబాటపై సరకు అమ్ముకోవడం రాజ్యాంగంలోని 19వ అధికరణం ప్రసాదించిన వృత్తి స్వాతంత్ర్యంలో భాగమేనని సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1989లో ప్రకటించింది. ఆ తరువాత పాతికేళ్ళకు, 2014లో, పార్లమెంటు వీధి వర్తకుల జీవనోపాధి పరిరక్షణ చట్టాన్ని చేసింది. పట్టణ విక్రయ సంఘాలలో నూటికి నలభైకి తగ్గకుండా వీధి వర్తకుల ప్రతినిధులే ఉండాలనీ, వారిని వర్తకులే ఎన్నుకోవాలనీ ఆ చట్టం నిర్దేశించింది. ఆచరణలో లోపాలు ఉండవచ్చు. కాని కాలిబాటపై తట్ట పెట్టుకున్నవానికి కూడా తన స్థలం గురించి జరిగే నిర్ణయంలో నోరు విప్పే హక్కు ఉన్నదని దేశం అంగీకరించింది.

ఇప్పుడు బజారే చోటు మార్చుకుంటున్నది. గాంధీనగర్ దుస్తులు, సదర్ బజారు చిల్లర సామాను, పానిపట్ దుప్పట్లు, మొరాదాబాద్ ఇత్తడి పాత్రలు, ఖుర్జా పింగాణీ, ఫిరోజాబాద్ గాజు సామగ్రి, ఇవన్నీ చేతిలో ఇమిడే ఫోను తెరపైకి చేరుకున్నాయి. ఆ తెరపై ఒక్కసారికి కనిపించే వస్తువులు నాలుగో, ఆరో. కొనుగోలుదారు వేలు రెండు మూడు మార్లు పైకి తోసి అలసిపోతుంది. వెనుక వరుసలలో వేలాది దుకాణాలు తెరిచి ఉన్నా అటు తొంగిచూసేవారు అరుదు. కనుక ఈ కొత్త బజారులో కూడా మొగదలకు ధర ఉన్నది. ఆ ధరకు పెట్టిన పేరు ప్రకటన. దానిని నిర్ణయించే పద్ధతి వేలం పాట. ఈ పాటలో చిన్న వర్తకుడు ఎంతవరకు పాడవచ్చు, ఎక్కడ ఆగాలి, పాట నడిపేవారిపై ప్రభుత్వం ఉంచిన కట్టుబాట్లు ఏపాటివి అన్నవి ఈ వారం విచారించదగిన ప్రశ్నలు.

కమిషన్ తగ్గి, ప్రకటన పెరిగి

మన దేశంలో ఆన్‌లైన్ అంగళ్ళ చరిత్ర మరీ పాతది కాదు. ఫ్లిప్‌కార్ట్ 2007లో పుట్టింది. అమెజాన్ 2013లో మన దేశపు అంగడి తెరిచింది. మొదట్లో ఈ కంపెనీల ఆదాయమనగానే అమ్మకంపై పుచ్చుకునే కమిషన్, సరకు చేరవేతకు పుచ్చుకునే రుసుము గుర్తుకు వచ్చేవి. ప్రకటనల ఆదాయం పక్క పద్దుగా ఉండేది. ఇప్పుడు అది ముఖ్యమైన పద్దులలో ఒకటి అయింది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో అమెజాన్ భారతీయ అంగడిని నిర్వహించే కంపెనీకి ప్రకటనల ద్వారా రూ. 6,600 కోట్లకు పైబడి రాగా, ఫ్లిప్‌కార్ట్ అంగడి కంపెనీకి రూ. 5,000 కోట్లకు చేరువగా వచ్చింది. 2021లో విక్రేతలకు కమిషన్‌ను పూర్తిగా రద్దు చేసిన మీషో ఆదాయంలో రవాణా సేవలకు, ప్రకటనలకు ప్రధాన స్థానం ఉన్నది.

ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. కమిషన్ అమ్మకం జరిగితేనే పడే భారం. సరకు కదలకపోతే వర్తకునికి అద్దె లేదు. ప్రకటన అట్లా కాదు. దారిన పోయేవాడు దుకాణం వంక చూసి, గుమ్మం దాకా వచ్చి, ధర అడిగి వెళ్ళిపోయినా గుమ్మం తొక్కినందుకు వర్తకుడే చెల్లించాలి. కమిషన్ తగ్గిందని సంతోషించే విక్రేత గ్రహించవలసినది ఏమంటే, అమ్మకం జరగకపోవడంలోని నష్టభయం ఇంతకు ముందు కంటె ఎక్కువగా తన తలపైకి వచ్చి కూర్చున్నదని.

పాట సాగే తీరు

వినియోగదారు "డబుల్ బెడ్ దుప్పటి" అని వ్రాసి వెదికిన క్షణంలోనే, కనురెప్ప పడేలోపు, ఆ మాటపై వేలం ముగిసిపోతుంది. ఆ మాటకు క్లిక్ ఒక్కింటికి ఇంత చెల్లిస్తామని విక్రేతలు ముందే పాడి ఉంచుతారు. అందరికంటె ఎక్కువ పాడినవానికే మొదటి స్థలం దక్కుతుందని చెప్పలేము. వినియోగదారు దానిని నొక్కడానికి, కొనడానికి ఎంత అవకాశమున్నదో కూడా యంత్రం అంచనా కట్టి, రెంటినీ కలిపి తూస్తుంది. మంచి ఛాయాచిత్రం, సరైన వివరణ, సంతృప్తి చెందిన కొనుగోలుదారుల అభిప్రాయాలు ఉన్న వస్తువు తక్కువ పాటతోనే ముందుకు రావడం ఇందువల్లనే. గెలిచినవాడు సాధారణంగా తాను పాడినంతా చెల్లించడు. తరువాతివానిని మించడానికి కావలసినంత చెల్లిస్తే చాలు.

దీనినిబట్టి మొదటి పాఠం తేలుతున్నది. ప్రకటన చెడ్డ సరకును మంచిగా మార్చలేదు. బొమ్మ మసకగా ఉండి, కొలతలు వ్రాయక, నిలవ రెండు రోజులకే అయిపోయే వస్తువుపై ప్రకటన పెట్టడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. ముందు వస్తువు పుటను చక్కదిద్దుకొని, పది మంది అభిప్రాయాలు సంపాదించుకొని, ఆ తరువాత పాటకు దిగడం వివేకం.

ఉన్న మార్గాలు అయిదు

చిన్న విక్రేత ముందున్న ప్రకటన మార్గాలు పైకి అనేకంగా కనిపించినా స్థూలంగా అయిదని చెప్పవచ్చు.

మొదటిది, వెదుకులాట ఫలితాల నడుమ వస్తువును చూపే ప్రకటన. 'స్పాన్సర్డ్' అన్న చిన్న ముద్రతో కనిపించేవి ఇవే. కొనదలచి వచ్చినవాని కంటనే ఇది పడుతుంది కనుక కొత్తవానికి తగినది ఇది. ఇందులో కూడా రెండు పద్ధతులున్నాయి. ఏ మాటలకు చూపాలో యంత్రమే ఎంచుకొనేది ఒకటి. విక్రేతే మాటలు ఎంచి ఒక్కొక్కదానికి ధర కట్టేది రెండవది. అనుభవజ్ఞులు సాధారణంగా మొదటి పద్ధతిని కొద్ది పెట్టుబడితో రెండు మూడు వారాలు నడిపి, వినియోగదారులు నిజంగా ఏ మాటలు వ్రాసి తమ వస్తువును కొన్నారో నివేదికలో చూసి, ఆ మాటలను ఏరి రెండవ పద్ధతిలోకి మార్చుకుంటారు.

రెండవది, బ్రాండు పేరుతో పుట పైభాగాన పతాకంలా కనిపించే ప్రకటన. ఇందుకు సాధారణంగా బ్రాండు హక్కు తనదేనని అంగడి వద్ద రుజువు చేసుకోవలసి ఉంటుంది. ట్రేడ్‌మార్కు దరఖాస్తుకు వ్యక్తులకూ, చిన్న సంస్థలకూ ఆన్‌లైన్‌లో ఒక్కొక్క తరగతికి రూ. 4,500 రుసుము. పెద్ద సంస్థలకు ఇది రూ. 9,000. నలుగురూ అమ్మే సరకునే తెచ్చి అమ్మేవానికి ఈ మార్గం వల్ల ఒరిగేది తక్కువ. సొంత పేరు నిలబెట్టదలచినవానికి మాత్రం ట్రేడ్‌మార్కు ప్రకటన కొరకే కాక, ఇతరుల అనుకరణ నుండి రక్షణకు కూడా పనికివస్తుంది.

మూడవది, పోటీదారు వస్తువు పుటలోనో, అంగడి వెలుపల ఇతర చోట్లనో కనిపించే ప్రకటన. ఒకసారి చూసి వెళ్ళిపోయినవానిని వెన్నంటి జ్ఞాపకం చేసేది ఇదే. ఖరీదైన వస్తువుకు, ఆలోచించి కొనే వస్తువుకు ఇది కొంత ఉపకరిస్తుంది. రెండు వందల రూపాయల సరకుకు ఈ వెంటపడటం గిట్టదు.

నాలుగవది, పేరుకు ప్రకటన కానిది. కూపన్లు, గంటల లెక్కన సాగే తగ్గింపు అమ్మకాలు, పండుగ మేళాలు ఈ కోవలోనివి. తగ్గించిన మొత్తం విక్రేత జేబులో నుండి పోయినప్పుడు అది కూడా ప్రకటన ఖర్చే. దసరా, దీపావళి మేళాలలో గిరాకీ పెరిగే మాట నిజం. కాని పాటకు వచ్చేవారు కూడా అప్పుడే మూగుతారు కనుక క్లిక్ ధర కూడా పెరుగుతుంది. తగ్గించిన ధరకు, పెరిగిన ప్రకటన ఖర్చుకు మధ్య నలిగేది విక్రేత లాభమే.

అయిదవది, అంగడి బయటి మార్గం. గూగుల్‌లో, ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో సొంత ఖర్చుతో ప్రకటించుకోవడం. ఆ ప్రకటన నొక్కినవానిని తిరిగి అదే ఆన్‌లైన్ అంగడికి పంపితే, ప్రకటనకు ఒకసారి, కమిషన్‌గా ఇంకొకసారి చెల్లించుకున్నట్లే. అంతేకాదు, ఆ పుటలోనే పోటీదారుల వస్తువులు వరుసగా కనిపిస్తాయి. మన ఖర్చుతో తోడుకొని వచ్చిన బేరం పక్క దుకాణానికి పోయే ప్రమాదమున్నది. సొంత దుకాణానికో, వాట్సాప్ సంభాషణకో రప్పించుకున్నప్పుడు ఒక లాభం ఉన్నది. ఆ కొనుగోలుదారు చిరునామా మన వద్ద ఉంటుంది. ఆన్‌లైన్ అంగడిలో కొన్నవాడు ఆ అంగడి ఖాతాదారే కాని మన ఖాతాదారు కాడు.

అయిదు రెట్లు వచ్చినా నష్టమే

ఏ మార్గమైనా నిగ్గు తేలేది లెక్కలోనే. పానిపట్ దుప్పట్లు అమ్మే ఒక చిన్న వర్తకుని ఊహించుకుందాం. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు మాత్రమే. దుప్పటి ధర 5 శాతం జిఎస్‌టి కలుపుకొని రూ. 630. పన్ను పోగా రూ. 600. సరకు అసలు రూ. 330. అంగడి కమిషన్, ఇతర రుసుములు, రవాణా కలిపి రూ. 150. ప్యాకింగుకు, తిరిగివచ్చే సరకు వల్ల కలిగే నష్టానికి సగటున రూ. 30. ఇవన్నీ పోగా మిగిలేది రూ. 90.

అతడు ప్రకటన పెట్టాడు. క్లిక్ ఒక్కింటికి రూ. 6 పడింది. ఇరవై మంది నొక్కగా ఒకరు కొన్నారు. అంటే ఆ ఒక్క అమ్మకానికి ప్రకటన ఖర్చు రూ. 120. మిగులు 90 మాత్రమే కనుక దుప్పటి ఒక్కింటికి రూ. 30 నష్టం. కాని ఆన్‌లైన్ అంగడి చూపే నివేదికలో ఏమి కనిపిస్తుంది? 120 రూపాయల ప్రకటనకు 630 రూపాయల అమ్మకం. పెట్టినదానికి అయిదు రెట్లకు పైగా రాబడి! ఈ అంకె చూసి ఉత్సాహపడి ప్రకటన బడ్జెటును రెట్టింపు చేసేవాడు నష్టాన్ని రెట్టింపు చేసుకుంటున్నాడన్నమాట.

ఈ వర్తకునికి రాబడి ఏడు రెట్లు ఉంటేనే లాభనష్టాలు సమానమవుతాయి. ఎందుకంటే 630ని 90తో భాగిస్తే వచ్చేది 7. పదిమందిలో ఒకరు కొంటే ప్రకటన ఖర్చు రూ. 60, మిగిలేది రూ. 30. పదిహేనుమందిలో ఒకరు కొంటే మిగిలేది సున్న. ఇరవైమందిలో ఒకరే కొనే పక్షంలో అతడు పాడదగిన గరిష్ఠ ధర, 90ని 20తో భాగించగా వచ్చే నాలుగున్నర రూపాయలు. అంతకు మించి ఒక్క పైసా పాడినా సొంత సొమ్ము పోసి అంగడి కంపెనీకి అద్దె కట్టడమే. కనుక ప్రకటన రూపాయిని కొలవవలసినది అమ్మకపు రాబడితో కాదు, చేతిలో మిగిలే లాభంతో. చిన్న వర్తకుడు గుర్తుంచుకోవలసిన సూత్రం ఇదొక్కటే అన్నా అతిశయోక్తి కాదు.

ఈ లెక్కలో కనిపించీ కనిపించని ముళ్ళు మరికొన్ని ఉన్నాయి. ప్రకటన సేవపై 18 శాతం జిఎస్‌టి ఉన్నది. మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న విక్రేత దానిని తాను కట్టవలసిన పన్నులో సర్దుకోగలడు. కాంపోజిషన్ పథకంలోనివారికి, 2023 అక్టోబరు నుండి సొంత రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ లేకుండానే అమ్ముకునే వీలు కలిగిన అతి చిన్న వర్తకులకు ఆ సౌకర్యం లేదు. వారికి 6 రూపాయల క్లిక్ నిజానికి 7 రూపాయల 8 పైసలు. అందరిలో బక్కవానికే క్లిక్ ప్రియమవుతున్నదన్నమాట.

సరకు తిరిగివచ్చినప్పుడు ప్రకటన సొమ్ము తిరిగి రాదు. దుస్తుల వంటి, తిరుగుటపా ఎక్కువగా ఉండే వస్తువులలో ఇది పెద్ద గండి. ఇక ప్రకటన వల్ల జరిగిందని నివేదిక చెప్పే అమ్మకమంతా ప్రకటన వల్లనే జరిగిందని కూడా నమ్మరాదు. క్లిక్ చేసిన తరువాత కొద్ది రోజులలోపు జరిగిన అమ్మకాలను ప్రకటన ఖాతాలోనే వేస్తారు. ప్రకటన లేకపోయినా కొనేవారు అందులో ఎందరో ఉంటారు. మొత్తం అమ్మకాలలో ప్రకటన ఖర్చు శాతం నెలనెలా పెరుగుతూ, మొత్తం అమ్మకాలు మాత్రం ఉన్నచోటనే ఉంటే, ఇంతకుముందు ఊరకే వచ్చే బేరానికే ఇప్పుడు అద్దె కడుతున్నామని అర్థం.

పాటను యంత్రానికి వదలివేయడంలో కూడా జాగ్రత్త అవసరం. అమ్మకం జరిగే అవకాశం బాగున్నదని తోచినప్పుడు విక్రేత పాటను మొదటి వరుస కొరకు రెట్టింపు వరకు పెంచే వెసులుబాటు అమెజాన్ పద్ధతులలో ఒకటి. అవకాశం తక్కువైనప్పుడు తగ్గించడమే తప్ప పెంచని పద్ధతి మరొకటి. చేతిలో పెట్టుబడి పలుచగా ఉన్నవానికి రెండవదే క్షేమం.

అయితే నష్టానికి ప్రకటించడం ఎల్లవేళలా తెలివితక్కువ అనడానికి వీలులేదు. కొత్త వస్తువుకు మొదటి పాతిక అమ్మకాలు, మొదటి అభిప్రాయాలు సంపాదించడానికి కొంత చేతి సొమ్ము పెట్టవలసి రావచ్చు. ఆవకాయ, కారప్పొడి, అగరువత్తుల వంటి మళ్ళీ మళ్ళీ కొనే సరకులలో మొదటి అమ్మకపు నష్టం తరువాతి అమ్మకాలలో పూడవచ్చు. కాని అది పెట్టుబడి కనుక దానికి ఇంత మొత్తమని, ఇన్ని వారాలని ముందే గీత గీసుకోవాలి. గీత లేని పెట్టుబడి జూదంలోకి దిగుతుంది.

మాటలకు యజమాని ఎవరు?

ఈ వేలంలో అమ్ముడుపోయేవి మాటలు. ఏ మాట ఎంచుకోవాలన్నది కూడా విద్యే. "దుప్పటి" వంటి విశాలమైన మాటకు పెద్ద కంపెనీలు పోటీపడతాయి, ధర ఆకాశాన్ని అంటుతుంది, నొక్కేవారిలో కొనేవారు తక్కువ. "నూలు దుప్పటి, నీలం, డబుల్ బెడ్" అన్నంత స్పష్టమైన మాటకు వెదికేవారు కొద్దిమందే అయినా కొనేవారు ఎక్కువ, పాట తక్కువ. అట్లే తనకు అక్కరలేని మాటలను ముందే నిషేధించే వీలున్నది. నూలు దుప్పట్లవాడు "పాలిస్టర్", "పిల్లల", "ఉచిత" వంటి మాటలను నిషేధించుకుంటే వృథా క్లిక్కులు తగ్గుతాయి. చిన్న వర్తకుడు గెలవగలిగినది ఈ ఇరుకు సందులలోనే.

మన ప్రాంతపు చేతిపనివారికి సంబంధించిన చిక్కు కూడా ఇక్కడే ఉన్నది. పోచంపల్లి ఇక్కత్, మంగళగిరి చీర, కొండపల్లి బొమ్మ, ఏటికొప్పాక బొమ్మ, వీటికన్నింటికి భౌగోళిక గుర్తింపు ఉన్నది. కాని వెదుకులాటలో "పోచంపల్లి" అన్న మాటపై పాట పాడడానికి ఆ ఊరి నేతగాడే కానక్కరలేదు. ఇక్కత్ నమూనాను మరమగ్గపు గుడ్డపై అచ్చువేయించి చవకగా అమ్మేవాడు కూడా ఆ మాటను కొనుక్కోవచ్చు. అతని అసలు తక్కువ కనుక మిగులు ఎక్కువ. మిగులు ఎక్కువ కనుక నేతగాని కంటె ఎక్కువ పాడగలడు. తరతరాల నైపుణ్యం సంపాదించిపెట్టిన పేరుకు కిరాయి వేలంలో నిర్ణయమవుతున్నది. ఆ కిరాయి చేరేది నేతగానికి కాదు, కంపెనీకి.

దీనికి దగ్గరైన ఒక వివాదంలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2023 ఆగస్టులో ఇచ్చిన తీర్పు గమనార్హం. గూగుల్‌పై ఒక సరకు రవాణా సంస్థ వేసిన వ్యాజ్యమది. ఒకరి ట్రేడ్‌మార్కును ఇంకొకరు ప్రకటన మాటగా వాడుకున్నంత మాత్రాన అది హక్కు ఉల్లంఘన కాదనీ, వినియోగదారును తికమకపెట్టినా, ఆ పేరు ప్రతిష్ఠలను అన్యాయంగా వాడుకున్నా మాత్రం అవుతుందనీ న్యాయస్థానం చెప్పింది. అదే తీర్పులో, మాటలను ప్రకటనలకు అమ్మే సంస్థ కేవలం ప్రేక్షకుని వంటిది కాదనీ, క్రియాశీల భాగస్వామి అనీ కూడా స్పష్టం చేసింది. ఆ వివాదం వెదుకులాట యంత్రానికి సంబంధించినదే అయినా, ఆన్‌లైన్ అంగళ్ళకూ ఆలోచించదగిన మాట అందులో ఉన్నది. మన చేనేత సహకార సంఘాలు, భౌగోళిక గుర్తింపు హక్కుదారులు ఈ తీర్పును న్యాయవాదులచే పరిశీలింపజేయడం అవసరం.

ప్రభుత్వం గీసిన గీతలు

కేంద్రం ఈ విషయంలో చేతులు ముడుచుకొని కూర్చున్నదని అనలేము. విదేశీ పెట్టుబడి గల ఆన్‌లైన్ అంగళ్ళు విక్రేతలకు అందించే సేవలన్నీ సమదూరం పాటించి, న్యాయంగా, వివక్ష లేకుండా సాగాలని 2018 డిసెంబరులో వెలువడిన రెండవ నంబరు ప్రెస్‌నోట్ నిర్దేశించింది. 2019 ఫిబ్రవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. ఆ సేవల జాబితాలో గిడ్డంగి, రవాణా, చెల్లింపులతో పాటు ప్రకటనలను కూడా పేరు పెట్టి చేర్చారు. వస్తువులను వరుసలో ముందు వెనుకలుగా నిలిపే ముఖ్య కొలమానాలు ఏవో, దేనికెంత ప్రాముఖ్యమో సులభమైన భాషలో అందరికీ వెల్లడించాలని 2020 జూలైలో ప్రకటించిన వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. మారువేషం వేసుకున్న ప్రకటనలను కపట పద్ధతుల జాబితాలో చేర్చుతూ 2023 నవంబరులో మార్గదర్శకాలు వెలువడ్డాయి.

కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలో ప్రచురించిన ఇ-కామర్స్ అధ్యయనం కూడా వరుసల నిర్ణయంలో పారదర్శకతను కోరింది. డబ్బు చెల్లించి వరుసను మార్చుకునే వీలుంటే, ఆ వీలు ఏమిటో, దాని ప్రభావమెంతో షరతుల పత్రంలో వ్రాయాలన్నది ఆ అధ్యయనపు సూచన. అదే నెలలో, ఢిల్లీ వ్యాపార మహాసంఘ్ ఫిర్యాదుపై అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వ్యవహారాల దర్యాప్తుకు కమిషన్ ఆదేశించింది. ఎంపిక చేసిన కొందరు విక్రేతలకు పక్షపాతం చూపుతున్నారన్నది ఫిర్యాదులోని ముఖ్యాంశాలలో ఒకటి. 2024లో దర్యాప్తు నివేదిక సిద్ధమైన తరువాత దర్యాప్తును సవాలు చేస్తూ పలు హైకోర్టులలో వ్యాజ్యాలు దాఖలయ్యాయి. తాము చట్టాన్ని అతిక్రమించలేదన్నది కంపెనీల వాదన.

కంపెనీల పక్షాన చెప్పదగినది బొత్తిగా లేకపోలేదు. ప్రకటన లేని పక్షంలో వేలకొలది అభిప్రాయాలు కూడబెట్టుకున్న పాత విక్రేతలే శాశ్వతంగా మొదటి వరుసలో పాతుకుపోతారు. నిన్న వచ్చినవానికి తన సరకు చూపుకోవడానికి ప్రకటన ఒక కిటికీ. ఇది నిజమే. కాని వివక్ష లేకపోవడమంటే అందరికీ ఒకే వేలం తెరచి ఉంచడమేనా అన్న ప్రశ్న మిగిలే ఉన్నది. ఏనుగుకూ, ఎలుకకూ ఒకే గుమ్మం తెరచి ఉంచామని చెప్పుకోవడం రూపంలో సమానత్వమే. సంచి బరువులు సమానం కానప్పుడు ఆ సమానత్వం బలవంతుని పక్షమే అవుతుంది.

వేరొక బాట

ఒక్క కంపెనీ గుప్పిట్లో లేని బజారును నిర్మించాలన్న ఆలోచనతో కేంద్రం 2021 డిసెంబరులో ఓఎన్‌డిసిని లాభాపేక్ష లేని సంస్థగా నెలకొల్పింది. 2022 ఏప్రిల్‌లో ఢిల్లీ, బెంగుళూరు, భోపాల్, షిల్లాంగ్, కోయంబత్తూరు నగరాలలో ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. విక్రేత ఒక యాప్‌లో చేరితే, కొనుగోలుదారు వేరొక యాప్ నుండి కూడా అతని సరకు కొనగలగడం దీని విశేషం. ఇందులో చేరే చిన్న పరిశ్రమలకు వస్తువుల జాబితాల తయారీ, ఖాతాల నిర్వహణ, రవాణా, ప్యాకింగులలో తోడ్పడడానికి 2024 జూన్‌లో ఒక పథకాన్ని కూడా ప్రకటించారు. అయిదు లక్షల సంస్థలకు, అందులో సగం మహిళల సంస్థలకు మేలు చేయాలన్నది లక్ష్యం.

ఉద్దేశం మంచిదే. కాని బజారు కట్టడం వేరు, జనాన్ని రప్పించడం వేరు. కొనుగోలుదారు కన్ను ఎక్కడ పడితే అక్కడ స్థలానికి ధర పుడుతుంది. కొనుగోలు యాప్‌లలో కూడా తెర అంతే వెడల్పు, మొదటి వరుస ఒక్కటే. ఆ వరుస నియమాలను ఇప్పుడే, బజారు పసిదిగా ఉన్నప్పుడే వ్రాసుకోకపోతే, పాత బజారులోని వేలమే కొత్త బజారుకు కూడా వస్తుంది.

విక్రేత చేయదగినది స్పష్టమే. అన్ని మార్గాలలో తలా కొంచెం చల్లక, వెదుకులాట ప్రకటనతో ఆరంభించాలి. మిగులు లెక్క కట్టి గరిష్ఠ పాటను కాగితంపై వ్రాసుకోవాలి. వారానికొకసారి మాటల నివేదిక చదివి, తినేవి తప్ప పెట్టని మాటలను తీసివేయాలి. పండుగ మేళాకు మిగులు సరకును మాత్రమే పంపాలి. ఒకే ఊరి ఉత్పత్తిదారులు ఒకరిపై ఒకరు పాట పెంచుకోవడం మాని, సహకార సంఘం పేరుతో ఒక్క బ్రాండును నమోదు చేసి, ఉమ్మడి ఖర్చుతో ఒక్కటిగా ప్రకటించుకోవడం మేలు. ఖాతాదారుల చిరునామాలను సొంతంగా కూడబెట్టుకోవడానికి బయటి మార్గాన్ని కూడా కొంత వాడుకోవాలి.

ఢిల్లీ చేయదగినది అంతకంటె స్పష్టం. ఒక్కొక్క అమ్మకంపై ప్రకటన ఖర్చు, రుసుములు, తిరుగుటపా నష్టం అన్నీ పోగా విక్రేతకు మిగిలినదెంతో ఒకే వరుసలో చూపాలని ఆన్‌లైన్ అంగళ్ళను ఆదేశించడం కష్టమైన పని కాదు. రాబడి రెట్లు చూపగల యంత్రం నికర లాభం కూడా చూపగలదు. భౌగోళిక గుర్తింపు గల పేర్లపై పాట పాడే హక్కును అధీకృత ఉత్పత్తిదారులకు పరిమితం చేసే విషయం కూడా పరిశీలించవలసి ఉన్నది. అన్నింటికంటె ముఖ్యం, షరతులు మార్చేముందు, ప్రకటన నియమాలు దిద్దేముందు విక్రేతల మాట వినే వేదిక. కాలిబాటపై తట్ట పెట్టుకున్నవానికి 2014లో పార్లమెంటు నూటికి నలభై పాళ్ళు గొంతు ఇచ్చింది. కోట్లాది ఇళ్ళకు సరకు చేరవేస్తున్న తెరమీది వర్తకునికి మాత్రం తన స్థలం ధర నిర్ణయంలో ఇంకా ఒక్క పాలు కూడా లేదు.